మూడు చిల్లుల డబ్బా

మా నాన్న పాఠం చెబుతుంటే క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడేదట. ఈ మాట నేను ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు బస్సులో కనబడ్డా, ఆసుపత్రి వరండాలో కనబడ్డా ముందు చెప్పేది అదే. నా క్లాసు సంగతి వేరు. పక్క గదిలో కెమిస్ట్రీ చెప్పే ఆవిడ డస్టరుతో గోడ మీద కొట్టేది, కాస్త వాళ్ల నోళ్లు మూయించమ్మా అని.

నేను చెప్పేదీ ఫిజిక్సే. అదే కాలేజీలో, ఆయన చెప్పిన గదిలోనే. నాన్న రిటైరై అప్పటికి ఆరేళ్లు. ఆ వానాకాలం టర్ముకు ముందు మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఫిజిక్సే మాట్లాడుకునేవాళ్లం. టర్ము సగానికొచ్చేసరికి, ఉప్పు ఇటు జరపమనడానికి కూడా మాకు అమ్మ మధ్యవర్తిత్వం కావలసి వచ్చింది.

నా పద్ధతి ఇదీ. రేపటి పాఠం మీద మూడు ప్రశ్నలు ఇవాళ సాయంత్రం ఆన్‌లైన్లో పెడతాను. పిల్లలు పుస్తకంలో ఆ నాలుగు పేజీలూ చదువుకుని, పొద్దున ఎనిమిదింటిలోగా తమకు తోచింది రాసి పంపాలి. మార్కులు తప్పొప్పులకు కాదు, ప్రయత్నించినందుకు. తొమ్మిదిన్నరకు క్లాసు. ఈలోగా నేను అరవై జవాబులూ చదివి, ఎవరెక్కడ తప్పటడుగు వేశారో చూసుకుని, దాన్నిబట్టి ఆ రోజు పాఠం అల్లుకుంటాను. అందరికీ వచ్చిన ముక్క మళ్లీ చెప్పను. తప్పు జవాబుల్లోంచి ఒకటి ఏరి, పేరు లేకుండా ప్రొజెక్టరుతో గోడ మీద చూపిస్తాను. దొరికిందేదో కాదు, అన్నిటికంటే గట్టిగా వాదించిన తప్పు. ఎవరిదైనా సరే, దాచడం ఉండదని మొదటిరోజే పిల్లలకు మాటిచ్చాను. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తాలి. తర్వాత పక్కవాళ్లతో వాదించుకోవాలి. మళ్లీ చేతులెత్తాలి. గోలంతా ఆ మధ్యలోదే.

మూడో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: చదివినదాంట్లో ఏది అర్థం కాలేదు? మొదటి వారంలో ఒకడు రాశాడు, "మీరు పాఠం ఎందుకు చెప్పరో అర్థం కాలేదు" అని. నవ్వుకున్నాను. అది నవ్వుకునే సంగతి కాదని నెల తిరిగేసరికి తెలిసొచ్చింది.

ప్రిన్సిపాల్ నన్ను పిలిచి ఒక కాగితం ముందుకు జరిపారు. ముప్పై ఎనిమిది సంతకాలు. మేడమ్ పాఠం చెప్పడం లేదు, మా చేతే చెప్పించుకుంటున్నారు, తప్పు జవాబులు గోడకెక్కించి కాలం గడుపుతున్నారు, దయచేసి పద్ధతిగా నోట్సు చెప్పించగలరు. మొదటి సంతకం ఎవరిదో చూడక్కర్లేదు. ముందు బెంచీలో ఒక బుద్ధిమంతుడున్నాడు, నేను తుమ్మినా రాసుకునే రకం. స్నేహితులు వాడికి డిక్టేషన్ అని పేరు పెట్టారు.

"మీ మీద నాకేం కోపం లేదమ్మా," అన్నారు ప్రిన్సిపాల్. "కానీ ముప్పై ఎనిమిది మంది. రేపు వీళ్ల అమ్మానాన్నలొస్తారు. నేనేం చెప్పను?"

"పరీక్షల దాకా ఆగమనండి సార్."

"పరీక్షల్లో దెబ్బతింటే ఇక నన్నెవరూ ఆగనివ్వరు." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక పని చేద్దాం. మాస్టారు ఒక క్లాసు చూసి ఒక పేజీ రాసిస్తారు. బాగుందంటే ఈ కాగితం చింపేస్తాను. వద్దంటే మాత్రం మీ సెక్షను వేరేవాళ్లకిచ్చి, మిమ్మల్ని ల్యాబుకు మార్చాల్సి వస్తుంది."

మాస్టారంటే మా నాన్నే. ఈయనా ఆయన శిష్యుడే.

"ఆయన మా నాన్న సార్."

"కూతురని చూస్తారా ఆయన?"

చూడడు. నా భయమూ అదే. ల్యాబుకు మార్చడమంటే లోలకాలు లెక్కపెట్టి పిల్లలకివ్వడం, లెక్కపెట్టి బీరువాలో పెట్టడం. పాఠం చెప్పడం అక్కడితో సరి. నాకు ప్రాణం పెట్టి చెయ్యాలనిపించే పని అదొక్కటే. అది పోతే నేనేం చేస్తానో నాకే తెలియదు.

ఇంటికెళ్లేసరికి కబురు నాకంటే ముందే చేరింది.

"నీకు పరీక్షాధికారిని నేనట," అన్నాడు నాన్న, పేపరు మడవకుండానే.

"ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోక? వాడు అంతగా అడిగాడు."

"చూడకముందే నీకో అభిప్రాయం ఉందిగా."

"ఉంది. దాచను. చెప్పని పాఠం మీద జవాబు రాయమనడం ఎలా ఉందంటే, ఈత రానివాణ్ణి బావిలోకి తోసి, ఎలా మునిగావో రాయి అన్నట్టుంది."

"ఎక్కడ మునుగుతున్నాడో తెలిస్తేనే కదా నాన్నా చెయ్యందించేది."

"దిగకముందే మెట్లు కట్టాలి. నేను ముప్పై నాలుగేళ్లు మెట్లు కట్టాను."

"ఆ మెట్ల మీద ఎవరెక్కడ జారారో నీకెప్పుడైనా తెలిసిందా?"

అనకుండా ఉండాల్సింది. నాన్న పేపరు దించాడు. "క్లాసు అయ్యాక రోజూ అడిగేవాణ్ణి, అర్థమైందా అని. అయిందనేవాళ్లు," అన్నాడు. అందులో ఆయనకు ఏ లోటూ కనబడలేదు.

కూరగాయలు తరుగుతున్న అమ్మ తలెత్తకుండా అంది, "ఇంట్లో ఇద్దరు మాస్టార్లుంటే ఎప్పుడూ ఇదే గోల. నాకు ఇంటర్వెల్లే ఉండదు."

తర్వాతి సోమవారం నా జాబితాలో అరవై ఒకటో నంబరు చేరింది. జవాబు పొద్దున అయిదుంపావుకల్లా వచ్చి ఉండేది. పిల్లలు అయిదారు మాటల్లో తేల్చేచోట ఇతను ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి, "కావున" అని ముగించేవాడు. ఏది అర్థం కాలేదు అన్న ప్రశ్నకు రోజూ ఒకే జవాబు: "ఏమియు లేదు." క్లాసులో మాత్రం కనబడడు. ఆఫీసులో గుమాస్తాని అడిగితే బల్ల వైపు చూస్తూ "లేటుగా చేరాడు మేడమ్, వస్తాడు లెండి" అన్నాడు. పాపం అబద్ధమాడడం రాని మనిషి. గట్టిగా అడిగితే చెప్పేసేవాడే, నాకే తీరిక లేకపోయింది. ఎవరైతేనేం, ఇంత శ్రద్ధగా రాసేవాడు ఒకడున్నాడు చాలనుకుని, రోజూ ముందు అరవై ఒకటే తెరిచేదాన్ని.

ఆ వారం ద్రవాల పాఠం. ప్రశ్న ఇది: నీళ్లు నిండిన పొడుగాటి డబ్బా ఒకటి బల్ల మీద ఉంది. దాని పక్కకి పైనొకటి, సరిగ్గా మధ్యలో ఒకటి, కిందొకటి చిల్లులున్నాయి. ఏ చిల్లు నుంచి వచ్చే ధార బల్ల మీద అన్నిటికంటే దూరంగా పడుతుంది? ఎందుకు?

నాన్న రాసిన గైడు ఈ చుట్టుపక్కల ప్రతి పిల్లవాడి సంచిలోనూ ఉంటుంది. అందులో ఈ డబ్బా బొమ్మ ఉంది, కింది ధార అన్నిటికంటే దూరం పోతున్నట్టు. నేనూ ఆ బొమ్మ చూసే నేర్చుకున్నాను. కిందటేడు ల్యాబులో ఊరికే ఓ డబ్బాకు చిల్లులు పొడిచి నీళ్లు పోస్తే, దూరం వెళ్లింది మధ్య ధార. కింది ధార జోరుగానే వస్తుంది గానీ, అది బల్లకు మరీ దగ్గర. ఇలా బయటపడి అలా బల్లకు తగిలేస్తుంది, దూరం పోయే వ్యవధి దానికి ఉండదు. ఈ సంగతి ఇంట్లో చెప్పాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని ఏడాది గడిపాను. బొమ్మ తప్పు నాన్నా అనే మూడు ముక్కలు నోట్లోంచి ఊడిపడలేదు.

ప్రశ్న పెట్టిన అరగంటకు ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. "రేపే వస్తున్నామమ్మా, నేనూ మాస్టారూ."

ప్రశ్న తీసేసి ఇంకోటి పెట్టొచ్చు. అప్పటికే పదకొండు మంది జవాబు రాసేశారు. వాళ్లకేం చెబుతాం, మా నాన్న వస్తున్నాడు, అందుకని మార్చానని చెబుతామా? అలాగే ఉంచాను.

పొద్దున ఆరున్నరకు వంటింటి బల్ల దగ్గర కూర్చుని జవాబులు తెరిచాను. అరవై ఒక్కమందిలో నలభై రెండు మంది కింది చిల్లే అన్నారు. చాలామంది "కింద ప్రెషర్ ఎక్కువ" అని మూడు మాటలతో సరిపెట్టారు. అరవై ఒకటో నంబరు మాత్రం ఎప్పటిలాగే తీరిగ్గా రాశాడు:

"ఒకటి, అడుగున ఒత్తిడి అధికము. రెండు, ఒత్తిడి అధికమగు చోట ధార వేగము అధికము. మూడు, వేగము అధికమగు ధార దూరము పోవును. కావున కింది చిల్లు. ముగ్గురు అన్నదమ్ములలో అందరి బరువును మోయువాడు కడగొట్టువాడు. పరుగులో వానిని మించువాడు లేడు."

టీ గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ అన్నదమ్ముల కథ గైడులో లేదు. నాన్న క్లాసులో నోటితో చెప్పేది. నా ఎనిమిదో ఏట పెరట్లో నీళ్ల డ్రమ్ము కారుతుంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాకూ చెప్పాడు. ఆరేళ్లుగా కాలేజీలో ఆ కథ చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు చదివే పిల్లల్లో ఒక్కడికీ అది తెలిసే అవకాశం లేదు.

అమ్మ నా వెనక నిలబడి ఉంది. "కనిపెట్టేశావా?" అంది మెల్లగా.

"నీకు తెలుసా?"

"తెలీకేం? నా ఫోన్లోనే కదా రాసేది. విద్యార్థి చూసినట్టు చూడండి మాస్టారూ అని ఆ ప్రిన్సిపాల్ నీ జాబితాలో ఓ నంబరిచ్చాడట. ఒక్కో అక్షరం వెతుక్కుని కొడతారు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు." నా మొహం చూసి ఆగింది. "ఏం, బాగా రాయలేదా?"

"బాగా రాశాడు. తప్పు రాశాడు."

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. గోడ గడియారం వైపు చూసింది. "ఎనిమిదింటిదాకా దిద్దుకోవచ్చన్నావు కదే. ఇంకా గంటుంది. వెళ్లి చెప్పు."

లేచి ఆయన గది గుమ్మం దాకా వెళ్లాను. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని పై బొత్తాం పెట్టుకుంటున్నాడు. రిటైరైనప్పటినుంచి పై బొత్తాం పెట్టుకోవడం నేను చూడలేదు.

"ఏంటి?" అన్నాడు అద్దంలోంచి.

"ఏం లేదు. తయారేనా?"

"నా సంగతి నాకొదిలెయ్. నువ్వు నీ పాఠం చూసుకో."

వెనక్కి వచ్చేశాను. మిగతా నలభై ఒక్కమందికి ఫోన్లు చేసి దిద్దుకోమని చెప్పానా? వాళ్లకు లేని సౌకర్యం ఈయనకెందుకు? పోనీ ఇంకెవరిదైనా జవాబు ఏరుకుందామంటే, మూడు మాటల జవాబుల్లో వాదించడానికి ఏముంది? గట్టిగా నిలబడి వాదించిన తప్పు ఇదొక్కటే. దీన్ని తప్పిస్తే పిల్లలకిచ్చిన మాట తప్పినట్టే. ఇదంతా ధర్మంగానే ఉంది. కానీ నిజం చెప్పాలంటే, ఆ మెట్లు కట్టానన్న మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ పొద్దున నాలో ధర్మం ఎంతో, కసి ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

చివరికి ఒక్క పని చేశాను. అన్నదమ్ముల వాక్యం కోసేశాను. వెనక కూర్చోబోయే ప్రిన్సిపాల్ ఆ కథ విని పెరిగినవారు, చూడగానే పోల్చేస్తారు. నా ధైర్యం అంతవరకే. ఎనిమిదైంది. ఇక ఎవరూ ఏమీ దిద్దుకునే వీలు లేదు.

నాన్న, ప్రిన్సిపాల్ ఆఖరి బెంచీలో కూర్చున్నారు. ఆ బెంచీలు పిల్లల కొలతవి, నాన్న మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నాడు. నేను జవాబు గోడ మీద వేశాను. ఆయన వైపు చూడలేదు.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

నలభై నాలుగు చేతులు. డిక్టేషన్ రెండు చేతులూ ఎత్తాడు.

"ఈ జవాబులో మూడు మెట్లున్నాయి," అన్నాను. మాట జారాక నాలుక కరుచుకున్నాను. "ఏదైనా కదులుతోందేమో పక్కవాళ్లతో కలిసి చూడండి."

గోల మొదలైంది. రెండో నిమిషంలో కెమిస్ట్రీ ఆవిడ గోడ మీద కొట్టింది. నేను బెంచీల మధ్య తిరుగుతూ వింటున్నాను. మూడో బెంచీలో కిటికీ పక్కన ఒక అమ్మాయి ఉంది, గొంతు పెగలదు, ఏం చెప్పినా పక్కనున్న పిల్ల చెవిలోనే చెబుతుంది. అందరూ గుసగుస అనే పిలుస్తారు. ఆ పిల్ల ఏదో అంది. పక్కమ్మాయి లేచి నిలబడింది.

"మూడో మెట్టు మేడమ్. వేగం ఒక్కటే ఉంటే చాలదట. దూరం పోవాలంటే గాల్లో ఉండే టైము కూడా కావాలంటోంది. కింది ధారకు ఆ టైము లేదంటోంది."

గది కాస్త సద్దుమణిగింది. డిక్టేషన్ లేచాడు.

"మేడమ్, దీనికింత వాదన దేనికి? ఈ బొమ్మ గైడులో నూట పన్నెండో పేజీలో ఉంది. రాసిన సార్ వెనకాలే ఉన్నారు. ఆయన్నే అడగొచ్చుగా."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. నాన్న మెల్లగా బెంచీలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు. ఏమీ అనకు నాన్నా, చూద్దాం అని ఊరుకో అని మనసులో బతిమాలాను.

"బొమ్మ సరైనదే," అన్నాడు. "ముప్పై నాలుగేళ్లు చెప్పాను."

డిక్టేషన్ అది రాసుకున్నాడు. తలలన్నీ మళ్లీ నా వైపు తిరిగాయి.

"సార్ చెప్పింది విన్నారు," అన్నాను. "ఇప్పుడు చేసి చూద్దాం."

పొడుగాటి నూనె డబ్బా తెచ్చి బల్ల చివర పెట్టాను. మూడు చిల్లులకూ కలిపి ఒకటే టేపు అంటించి ఉంది. బల్ల పొడవునా పాత పేపర్లు పరిచాను, ఎక్కడ తడిస్తే అది లెక్క. నీళ్లు తగ్గకుండా పైనుంచి పోస్తూ ఉండమని గుసగుసను పిలిచాను. టేపు లాగాను.

మూడు ధారలూ ఒక్కసారే వచ్చాయి. పైదీ కిందిదీ దాదాపు ఒకేచోట పడ్డాయి. మధ్యది వాటిని దాటి, జానెడు దూరం ముందుకెళ్లి పేపరు తడిపింది. ఆ రోజు నా క్లాసులో మొదటిసారి చీమ చిటుక్కుమన్నా వినబడేది.

నాన్న ముందుకొచ్చాడు. పిల్లలు దారిచ్చారు. డబ్బా మీదికి వంగి, ఒక్కో చిల్లూ వేలితో తడిమాడు.

"అన్నీ ఒకే మేకుతో పొడిచావా?"

"ఒకే మేకు నాన్నా."

కాలేజీలో ఆయన్ని నేను ఎప్పుడూ సార్ అనే అనేదాన్ని. ఎవరూ నవ్వలేదు.

బల్ల వాలుగా ఉందేమోనని జేబులోంచి పెన్సిలు తీసి దాని మీద పెట్టి చూశాడు. దొర్లలేదు. "మళ్లీ పొయ్యి," అన్నాడు. పోసింది గుసగుస. మధ్యదే. "మళ్లీ," అన్నాడు. మూడోసారి చెంబు తనే తీసుకుని పోశాడు. చొక్కా చేతులు మోచేతిదాకా తడిసిపోయాయి. మధ్యదే. తడిసిన పేపరు వైపు చూస్తూ అలా నిలబడిపోయాడు. గంట కొట్టారు. చెంబు బల్ల మీద పెట్టి, మూలనున్న గొడుగు తీసుకుని బయటికెళ్లిపోయాడు. ప్రిన్సిపాల్ ఆయన వెంట పరుగులాంటి నడకతో వెళ్లారు.

ఆ సాయంత్రం నుంచి పదకొండు రోజులు నాన్న నాతో మాట్లాడలేదు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీ అమ్మాయిని కుళాయి కట్టెయ్యమను," అనేవాడు అమ్మతో, నేను ఎదురుగా ఉండగానే. అరవై ఒకటో నంబరు నుంచి జవాబులు ఆగిపోయాయి. రిపోర్టూ వెళ్లలేదు. ప్రిన్సిపాల్ వరండాలో ఎదురైనప్పుడల్లా "మాస్టారు ఏమైనా..." అని సగంలో ఆపేసేవారు. సంతకాలు నలభై నాలుగైనట్టు తెలిసింది. నేను ల్యాబు బీరువా తాళాలు ఎక్కడుంటాయో కనుక్కుని పెట్టుకున్నాను. రోజూ క్లాసుకెళ్లేముందు ఇదే ఆఖరిదేమో అనిపించేది. ఆ భయంతోనే ఇంకా బాగా చెప్పానేమో కూడా.

ఇంట్లో మాత్రం రోజూ పెరటివైపు నుంచి సుత్తి చప్పుడు.

"మీ ఇద్దరి పుణ్యమా అని ఇంట్లో నీళ్లు నిలిచే డబ్బా ఒక్కటీ లేదు," అంది అమ్మ. "పప్పు డబ్బాకి కూడా చిల్లులు పొడిచారు. ఆ పప్పు ఇప్పుడు నా సంచిలో ఉంది. రేపు నన్నూ ఎత్తుకెళ్లి మేకు దింపుతారేమో, జాగ్రత్తగా ఉండాలి."

ఒక ఆదివారం కిటికీలోంచి చూశాను. నాన్న డబ్బాని నేల మీద కాదు, ఎత్తుపీట మీద పెట్టాడు. టేపు లాగాడు. ఈసారి కింది ధారే అన్నిటినీ దాటి వెళ్లింది. అంత ఎత్తులో దానికి గాల్లో పోయే వ్యవధి దొరికింది మరి. నాన్న మొహం వెలిగిపోయింది. చటుక్కున ఇంటివైపు తిరిగాడు, కిటికీలో నన్ను చూశాడు, పిలవబోయి నోరు తెరిచాడు కూడా. అంతలో గుర్తొచ్చి మూసుకున్నాడు. ఆ పదకొండు రోజుల్లో నన్ను అన్నిటికంటే కష్టపెట్టింది అదే.

పన్నెండో రోజు ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. కవరు నా ముందే చించి, పైకి చదివారు.

"క్లాసులో గోల ఎక్కువ. పాఠాలు ఒకటిన్నర అధ్యాయం వెనకబడి ఉన్నాయి. సంతకాలు చేసిన పిల్లల మాటలో నిజముంది, వారికి వారానికొక గంట నోట్సు చెప్పాలి. ఇక పద్ధతి సంగతి. నేను ముప్పై నాలుగేళ్లు ఒక బొమ్మ తప్పుగా వేశాను. ఏటా నూట ఇరవై మంది చొప్పున నాలుగు వేల మంది దాన్ని చూసి రాసుకున్నారు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ఈ క్లాసులో గొంతు పెగలని ఒక పిల్ల ఆరు నిమిషాల్లో పట్టుకుంది. అలాంటి పిల్ల నా క్లాసుల్లోనూ ఉండే ఉంటుంది. నేను అడగలేదు. ఈ పద్ధతి కొనసాగించాలి."

ప్రిన్సిపాల్ కాగితం మడిచి మళ్లీ కవర్లో పెట్టారు. "నేనూ వేశానమ్మా ఆ బొమ్మ. పాఠం చెప్పినన్నాళ్లూ వేశాను." తర్వాత సంతకాల కాగితం తీసి చూసి, మళ్లీ సొరుగులో పెట్టారు. "చింపుతానన్నాను గానీ, నోట్సు గంట మొదలుపెట్టండి. అప్పుడు చింపుతాను."

సెక్షను నాదే. ఎగిరి గంతేయాల్సిన మాట. నాకు మాత్రం ఇంటికెళ్లి ఆయన్ని చూడాలని ఒకటే ఆత్రం.

నాన్న పెరట్లో డబ్బాలన్నీ ఒకచోటికి చేరుస్తున్నాడు. నన్ను చూసి ఆగలేదు.

"వాడు చదివాడా?" అన్నాడు. పన్నెండు రోజుల్లో నాతో నేరుగా అన్న మొదటి మాట.

"చదివారు."

"గోల తగ్గించుకో."

"తగ్గదు నాన్నా."

ఒక డబ్బా బోర్లించి అందులో మిగిలిన నీళ్లు వంపాడు. "అన్నదమ్ముల ముక్క కోసేశావు."

నేను ఇంకో డబ్బా తెచ్చి ఆయన పక్కన పెట్టాను.

"గోడ మీద చూడగానే తెలిసింది. నాదని తెలియకపోతే ఆ ముక్క కొయ్యవు. తెలిసే పెట్టావు."

"అవును."

"ఎనిమిదింటిదాకా దిద్దుకునే వీలుంది. గుమ్మం దాకా వచ్చి, ఏం లేదన్నావు."

"మిగతావాళ్లెవరికీ చెప్పలేదు కదా నాన్నా," అన్నాను. అది సగమే నిజమని ఇద్దరికీ తెలుసు. "నీ మీద కోపం కూడా ఉండింది."

తల పంకించాడు, జవాబు పూర్తిగా రాసినవాడికి మార్కు వేసినట్టు.

"నేనైతే నీకు చెప్పేవాణ్ణి," అన్నాడు.

అది నిజం. ఆయన చెప్పేవాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పేవాడు.

"చెప్పేవాణ్ణి. నువ్వు జవాబు దిద్దుకునేదానివి. పొద్దుపోయేసరికి ఇద్దరం ఇంటికొచ్చి హాయిగా భోంచేసేవాళ్లం." ఇంకో డబ్బా వంపాడు. "బొమ్మ మాత్రం అలాగే ఉండేది."

ఏడ్చాను. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఊరుకోమని ఆయన అనలేదు. డబ్బాలన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టి, ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు.